నిషేధమును విడదీసి చదువుట

మనుష్యుని దారికి చట్టము కల్పించు ఆటంకములకంటె, ఆ చట్టమును సగము విని మిగిలిన సగమును తన ఆగ్రహముతో పూరించుకొను అలవాటు కల్పించు ఆటంకములే పెక్కు. “ఇచ్చట నీకు ప్రవేశము లేదు” అని ఎవరైన అనినంతనే మనస్సు రెండు దారులలో ఏదో యొకటి పట్టును: అభిమానవంతుడు “నన్ను ఆపుటకు వీరెవరు?” అని నిషేధమును ధిక్కరింప జూచును, భీరువు “మనకేల వచ్చిన గొడవ” యని తనకు న్యాయముగ దక్కవలసినదానిని సైతము విడిచి వెనుదిరుగును. ఇరువురి దోషమును ఒక్కటియే. ఇరువురును నిషేధమును తుదివఱకు చదువలేదు. అది ఎవరికి, దేనికి, ఎచ్చట, ఏ స్థితిలో వర్తించునో విడదీసి చూచినవానికి దాని నిజమైన పరిమాణము బోధపడును. పరిమాణము బోధపడిన పిదప లోబడుటయో, వేరుదారి పట్టుటయో, మార్పునకై పాటుపడుటయో వివేకముతో నిర్ణయించుకొన వీలగును.

ఈ విద్యకు ఉదాహరణముగ అమెరికా సంయుక్తరాష్ట్రములలోని వయోమింగ్ రాష్ట్రపు చట్టమొకటి గ్రహించెదను. ఆ రాష్ట్రమునకు చెందని వేటగాడు అచటి విజనారణ్యములలో పెద్ద మృగములను ఒంటరిగ వేటాడరాదని ఆ చట్టము శాసించుచున్నది. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటనే నిషేధించినది గావున ఇట్టి సమస్య ఇచ్చట పుట్టదు; కాని టెక్సాసులోనో న్యూజెర్సీలోనో కాపురముండి, అచటి మిత్రుల సాంగత్యమున వేటయందు అభిరుచి కలిగించుకొన్న తెలుగువానికి ఇది పుస్తకములోని సమస్య గాదు, తన సెలవుదినములను, ధనమును, పరువును తాకు సమస్య. వేటతో ప్రసక్తి లేని పాఠకునికి సైతము ఇందలి విచారణక్రమము ఉపకరించును.

నేల ఎవరిది, నియమమెవరిది

1964వ సంవత్సరము సెప్టెంబరు 3వ తేదీన అధ్యక్షుడు లిండన్ జాన్సన్ విజనారణ్యములను రక్షించు వైల్డర్‌నెస్ చట్టముపై సంతకము చేసెను. దానిని రచించి, ఏండ్ల తరబడి శాసనసభ్యులను ఒప్పించుచు తిరిగిన హోవర్డ్ జానైజర్ ఆ సంతకమును చూడక, అదే సంవత్సరము మే నెలలో మరణించెను. తొలినాడు 91 లక్షల ఎకరములకు వర్తించిన ఆ రక్షణ నేడు 11 కోట్ల ఎకరములకు మించి వ్యాపించినది. ఈ విజనారణ్యములలో రహదారి వేయరాదు, మోటారు పోరాదు, సైకిలు నడుపరాదు. చచ్చిన మృగమును మోయుటకై చక్రముల బండిని లాగికొనిపోవుటకును వీలులేదు. మనుష్యుడు తన కాళ్లపైననో గుఱ్ఱము వీపుననో పోవలసినదే.

వయోమింగులో ఇట్టి భూమి ఇంచుమించు 30 లక్షల ఎకరములు కలదు. షొషోనీ జాతినాయకుని పేరు ధరించిన వాషకీ, గానెట్ శిఖరమునకు పడమటి వాలున వ్యాపించిన బ్రిడ్జర్, ఉత్తరమున క్లౌడ్ పీక్, యెల్లోస్టోనును ఆనుకొని టెటన్ మొదలైనవి వీనిలో ప్రధానములు. టెటన్ అరణ్యము దాపుననున్న థరోఫేర్ అను సీమ, అలాస్కాను మినహాయించినచో, ఆ దేశమునందు రహదారికి మిక్కిలి దూరమైన తావులలో ఒకటిగ ప్రసిద్ధి కెక్కినది. ఈ భూములన్నియు సమాఖ్య ప్రభుత్వమువి. అనగా ఫ్లారిడా పౌరునికిని వయోమింగు పౌరునికిని వీనియందు సమానమైన స్వామ్యము కలదు.

“అట్లయిన నా సొత్తులో నన్ను అడ్డగించుటకు ఒక రాష్ట్రమున కేమి యధికారము?” అను ప్రశ్న ఇచ్చటనే జనించును. ప్రశ్న సహజమే; కాని అది రెండు వేర్వేరు విషయములను ఒకటిగ ముడివేయుచున్నది. నేల సమాఖ్యది, ఆ నేలపై సంచరించు మృగముల పాలన రాష్ట్రమునది. వైల్డర్‌నెస్ చట్టమే, జాతీయారణ్యములలోని వన్యమృగములపైనను మత్స్యములపైనను రాష్ట్రములకు గల అధికారమును తాను తాకుటలేదని స్పష్టముగ చెప్పినది. మన పల్లెలలో చెరువు ఊరందరిదియే. అయినను ఏ పొలమునకు ఎప్పుడు నీరు విడువవలెనో నీరుగంటి నిర్ణయించును, అందలి చేపలను పట్టు హక్కు మత్స్యకారుల సంఘమునకు వేరుగ చెందును. ఊరివాడనైనందున వల వేయుదునని ఎవడును గట్టుపైకి రాడు. స్వామ్యమొకటి, వినియోగనియమ మొకటి యని గ్రహింపనివాడు చట్టముతో కాక తన భ్రమతో పోరాడుచుండును.

న్యాయస్థానములును ఈ భేదమునే పాటించినవి. మొంటానా రాష్ట్రము ఎల్క్ అను పెద్దజాతి జింక వేటకై స్థానికులవద్ద 9 డాలర్లును, ఇతరులవద్ద పెక్కు మృగములకు కలిపి యిచ్చు లైసెన్సునకు 225 డాలర్లును వసూలుచేయుట అన్యాయమని వచ్చిన వ్యాజ్యమున, 1978లో అమెరికా సుప్రీంకోర్టు రాష్ట్రము పక్షముననే తీర్పు చెప్పెను. వినోదార్థమైన ఎల్క్ వేట, ఒక రాష్ట్రపు పౌరునికి వేఱొక రాష్ట్రము తప్పక సమానముగ ఇయ్యవలసిన మౌలికమైన హక్కులలో చేరదని ఆ తీర్పు సారాంశము. తొమ్మండుగురు న్యాయమూర్తులలో ముగ్గురు ఆ మతముతో విభేదించిరి. పిమ్మట, ఆరిజోనా రాష్ట్రము బయటివారికి పదవవంతు లైసెన్సులే యిత్తునని విధించిన పరిమితిని 2002లో ఒక అప్పీలు న్యాయస్థానము శంకింపగా, స్థానికులకును ఇతరులకును వేర్వేరు నియమములు చేయు అధికారము రాష్ట్రములకు కలదని 2005లో కాంగ్రెసు చట్టమే చేసెను. ఇది తెలిసినవాడు “నా సొత్తు” అను ఒక్క మాటను నమ్ముకొని ఈ వ్యవహారమున గెలువగలనని భ్రమపడడు.

నిషేధమునకు నాలుగు కీళ్లు

ఇక చట్టమునే చేతబట్టి కీలునకు కీలు విడదీయుదము. ఒక నిషేధము వర్తించుటకు అందలి కీళ్లన్నియు కూడవలెను. ఒక్కటి లోపించినను అది మనలను తాకదు.

మొదటిది, వ్యక్తి. ఇచట భేదము దేశపౌరసత్వమునుబట్టి గాక రాష్ట్రనివాసమునుబట్టి యేర్పడినది. పొరుగున కొలరాడోలో పుట్టిపెరిగిన అమెరికనుడును వయోమింగునకు పరాయివాడే. వేట లైసెన్సు విషయమున స్థానికుడనిపించుకొనుటకు అచట స్థిరనివాసముతో నిండు సంవత్సరము గడిపియుండవలెను. అచట ఒక ఇల్లు కొని వేసవిలో నాలుగు వారములు గడపినంతమాత్రమున స్థానికుడు కాజాలడు. అట్లని కాగితముపై వ్రాసి సంతకము పెట్టుట శిక్షార్హమైన అసత్యము.

రెండవది, మృగము. ఎల్క్, జింక, ప్రాంగ్‌హార్న్, మూస్, కొండగొఱ్ఱె, కొండమేక అను పెద్ద మృగములును, నల్ల ఎలుగుబంటి, ప్యూమా మొదలైన ట్రోఫీ మృగములును ఈ నిషేధమునకు లోబడినవి. ఏటిలో ట్రౌట్ చేపను పట్టువానికి గాని, గ్రౌస్ పక్షిని కొట్టువానికి గాని, ఊరక నడచి, గుడారము వేసికొని, ఛాయాచిత్రములు తీసికొని మఱలువానికి గాని ఈ చట్టముతో పనిలేదు.

మూడవది, స్థలము. నిషేధము విజనారణ్యముగ ప్రకటింపబడిన భూమికే పరిమితము. వాని చుట్టును వ్యాపించిన జాతీయారణ్యములలోని ఇతర భాగములును, భూనిర్వహణ సంస్థ పాలనలోని విశాలమైన మైదానములును అందఱికిని తెఱచియే యున్నవి. లైసెన్సు గల పరరాష్ట్రీయుడు అచట ఒంటరిగ నిరభ్యంతరముగ వేటాడవచ్చును.

నాలుగవది, ఒంటరితనము. చట్టము పొమ్మనుటలేదు, తోడు తెచ్చుకొమ్మనుచున్నది. ఆ తోడు రాష్ట్రపు బోర్డు లైసెన్సు పొందిన వృత్తి గైడైనను కావచ్చును, లేక ఏ ప్రతిఫలమును గ్రహింపని స్థానికమిత్రుడైనను కావచ్చును. ఇరువురు పరరాష్ట్రీయులకు ఒక్క తోడైన నుండవలెనని నియమము.

చూడుడు, “బయటివారు వయోమింగు అడవులలో అడుగుపెట్టరాదట” అను జనవాక్యము ఎంత కుదించుకొనిపోయినదో! ఒక వ్యక్తి, ఒక మృగవర్గము, ఒక స్థలము, ఒక స్థితి కలిసినచోటనే అది నిలిచియున్నది. అలాస్కా రాష్ట్రమున ఇదే నాలుగు కీళ్లు వేఱుగ కూర్పబడినవి: అచట స్థలమును లెక్కింపరు, గోధుమవన్నె ఎలుగు, డాల్ గొఱ్ఱె, కొండమేక అను మూడింటిని పరరాష్ట్రీయుడెచట వేటాడినను గైడునో, పందొమ్మిదేండ్లు నిండిన స్థానికుడగు సమీపబంధువునో వెంటబెట్టుకొనవలెను. అమెరికా పౌరసత్వమును శాశ్వతనివాసమును లేని విదేశీయుడైనచో అచట ఏ పెద్ద మృగమునకైనను గైడు తప్పనిసరి. ఒక రాష్ట్రమున నేర్చినదానిని వేఱొక రాష్ట్రమున గ్రుడ్డిగ ప్రయోగింపరాదనుటకు ఇంతకన్న నిదర్శన మక్కఱలేదు.

హద్దుకడ నిలిచిన మనిషి

నిషేధముయొక్క స్వభావము దూరమునుండి చదివిన తెలియదు. హద్దుకడ నిలిచి చూడవలెను. విజనారణ్యమునకు కంచె యుండదు. దారి ప్రవేశించుచోట అక్షరములు చెక్కిన కొయ్యపలకయొక్కటి యుండును. దారి విడిచి వాలుపైకెక్కినచో ఆ పలకయు నుండదు, గట్లవెంట సాగు గీటు పటముపైననే కనిపించును. పరరాష్ట్రీయుడొకడు తెల్లవారకమునుపే లేచి, జాతీయారణ్యములో న్యాయముగ వేటాడుచు, గంటలకొలది ఒక ఎల్క్ వెంట నడచెననుకొనుడు. మన కణుజువలె పెద్దదైన ఆ మృగము అతని కన్నులయెదుటనే గట్టుదాటి అవతలి పచ్చికలో తలవంచి మేయుచుండును. చేతిలోని జీపీఎస్ తెఱపై గీటు అతని బూటుముందు రెండువందల గజములలో నున్నది. మృగము దానికావల నున్నది. సాక్షి యెవడును లేడు. అదే గట్టుపై, చేత కెమెరా పట్టుకొని ఒహాయోనుండి వచ్చిన పాదచారి యొకడు ఒంటరిగ, నిర్విచారముగ ఆ పచ్చికలోనికి నడచిపోవుచుండును.

ఆ క్షణమున వేటగాని మనస్సులో పుట్టు తర్కము నిర్బలమైనది కాదు. పాదచారికి లేని అపాయము తనకేమి? ఎన్నడును కొండయెక్కి యెఱుగని స్థానికుడు తుపాకి పుచ్చుకొని ఒంటరిగ పోవచ్చునే, ముప్పదియేండ్లు పర్వతములలో తిరిగిన తానేల పోరాదు? ఈ ప్రశ్నలు న్యాయమైనవే యని నేనును భావించుచున్నాను. పరరాష్ట్రీయుల ప్రాణరక్షణయే ఈ చట్టమునకు ఆధారమనువారు పాదచారి విషయమున సమాధానము చెప్పజాలరు. వేటగాండ్రకు గుఱ్ఱములను, గుడారములను సమకూర్చి బ్రదుకు స్థానిక ఔట్‌ఫిట్టర్ల జీవనోపాధియే దీనికి బలమైన ఆధారమని స్పష్టముగ కనిపించుచున్నది. అయినను ఆ ప్రశ్నలను వేయవలసిన స్థలము ఆ గట్టు కాదు. చట్టము న్యాయమా యను విచారణకు సభలు, న్యాయస్థానములు కలవు. గట్టుపై నిలిచినవానికి మిగిలినది తాను ఆడినమాట నిలుపుకొను మనిషియా కాదా యను విచారణ యొక్కటియే, ఏలయన లైసెన్సు గ్రహించునాడే అతడు ఆ రాష్ట్రపు నియమములకు ఒప్పుకొనియున్నాడు. అచట తుపాకి దించి మఱలినవాడు ఒక మృగమును పోగొట్టుకొనును. గీటు దాటినవాడు తన మాటపై తనకుగల విశ్వాసమును పోగొట్టుకొనును. మొదటి నష్టము మఱుసటి ఏట తీఱవచ్చును. రెండవదానిని తీర్చు ఋతువు లేదు.

తోడుయొక్క విలువ

తోడును అవమానముగ భావించువారికొక మాట చెప్పవలెను. మృగము కూలినపిదపనే పర్వతములలో అసలు పని మొదలగును. మగ ఎల్క్ 300 కిలోల బరువుండును. తోలు ఒలిచి, నాలుగు త్రుంపులు చేసి, మాంసము చల్లారుటకు నీడలో వ్రేలాడదీయవలెను. తినదగిన మాంసమును పాడుపెట్టుట నేరము. ఎలుగుబంట్లు తిరుగు వాయవ్యభాగమున మాంసమును నేలకు 10 అడుగుల ఎత్తునను చెట్టుమొదలికి 4 అడుగుల ఎడమునను కట్టవలెను. ప్రేగులు పడియున్నచోటికి ఎలుగు ఆ రాత్రియే రావచ్చును. పిమ్మట మాంసమును గుఱ్ఱములపై కెక్కింపవలెను: జీనునకు ఇరువైపుల వ్రేలాడు పెట్టెలను ఎక్కించుటకు ముందు చేత నెత్తి తూచి చూతురు, ఒకవైపు రెండు మూడు కిలోలు అధికమైనను నడకలో జీను ఒరిగి గుఱ్ఱము వీపు ఒరసికొనిపోవును. ఈ తూనిక చేతికి తెలియుటకు ఏండ్లు పట్టును. చట్టము న్యాయమైనను కాకున్నను, ఈ విద్య తెలిసినవాని సాంగత్యము లాభమే యని ఒప్పుకొనుట వివేకము.

ఆచరణకు నాలుగు సూత్రములు

ప్రథమసూత్రము: ధనము చెల్లించుటకుముందే పటమును చూడుము. వేటమండలమును ఎన్నుకొని దరఖాస్తు చేయకమునుపే, ఆ మండలములో విజనారణ్యము ఎంతభాగమో, మిగిలిన ప్రజాభూమి ఎంతయో తెలిసికొనవలెను. కొన్ని మండలములలో మంచిభూమి అంతయు హద్దుకావలనే యుండును. అట్టి లైసెన్సు తోడులేనివానికి కాగితముమాత్రమే.

ద్వితీయసూత్రము: గైడును కుదుర్చుకొనునపుడు మాటను నమ్మక పత్రమును అడుగుము. రాష్ట్రపు ఔట్‌ఫిట్టర్ల బోర్డు లైసెన్సు కలదా, ఆ నిర్ణీతమైన అరణ్యభాగములో వృత్తి సాగించుటకు అటవీశాఖ అనుమతి కలదా, గుఱ్ఱములు, భోజనము, మాంసము మోయుట రుసుములో చేరినవా, ప్రయాణము రద్దైనచో ఏమగును, అను ప్రశ్నలకు జవాబులు వ్రాతమూలకముగ ఉండవలెను.

తృతీయసూత్రము: మిత్రుడు తోడువచ్చునపుడు స్నేహమును వ్యాపారము చేయకుము. స్థానికమిత్రుడు రాష్ట్రపు గేమ్ అండ్ ఫిష్ శాఖనుండి ముందుగ అనుమతిపత్రమును గ్రహింపవలెను. దానికి రుసుము లేదు. ఒక సంవత్సరమున అతడు ఇరువురికి మించి తోడుపోరాదు. ప్రత్యక్షముగ గాని పరోక్షముగ గాని ప్రతిఫలము పుచ్చుకొనరాదు. చేతిలో కవరు పెట్టినను, ఖరీదైన బహుమతి పంపినను ఆపద అతనికే చుట్టుకొనును. ఒక సహోద్యోగి నీకొఱకు తన సెలవులలో వారమును ధారవోసినచో, నీవు తీర్చుకొనదగిన ఋణము శ్రమరూపమైనది: అతని గుఱ్ఱములకు నీరు పెట్టుము, కట్టెలు కొట్టుము, వంట చేయుము, బరువు మోయుము.

చతుర్థసూత్రము: నీ స్వంతస్థితిని ముందుగ తెలిసికొనుము. ఇది ముఖ్యముగ తెలుగువారికి చెప్పవలసినమాట. హెచ్-1బి మొదలైన తాత్కాలిక వీసాలపై నున్నవారు తుపాకిని గాని తూటాలను గాని కలిగియుండుటను సమాఖ్యచట్టము సాధారణముగ నిషేధించుచున్నది. ఏదైన రాష్ట్రము న్యాయముగ జారీచేసిన, కాలము చెల్లని వేట లైసెన్సు చేతనుండుట దానికొక మినహాయింపు. లైసెన్సు రాకమునుపే మిత్రుని తుపాకి పుచ్చుకొని గుఱి నేర్చుకొనబోవుట, వేటను మాత్రమే గాక వలస హోదానే ప్రమాదమున పడవేయును. ఇట్టిచోట న్యాయవాదికి చెల్లించు రుసుము వ్యయము గాదు.

ప్రతిఘటనయు ఒక క్రమశిక్షణయే

చట్టమునకు లోబడుమని చెప్పుటలో దానిని మెచ్చుకొనుమని నేను చెప్పుటలేదు. అన్యాయమని తోచినదానిని భరించి ఊరకుండువాడు మంచిపౌరుడు గాడు. షయెన్ నగరమున వయోమింగు శాసనసభ ఏటేట సమావేశమగును; బేసిసంవత్సరములలో సాధారణసమావేశము, సరిసంవత్సరములలో ఆదాయవ్యయ ప్రధానమైన చిన్న సమావేశము జరుగును. పరరాష్ట్రీయునికి అచట ఓటు లేదు. కాని వాదము కలదు. ఎల్క్ లైసెన్సుకై అతడు స్థానికునికంటె పదింతలకు మించి చెల్లించుచున్నాడు. వన్యమృగశాఖకు లైసెన్సులవలన వచ్చు రాబడిలో అధికభాగము పరరాష్ట్రీయులదే. ఓటుగల స్థానికులలోను, బయటనుండు తమ సోదరులకును బిడ్డలకును ఈ నియమమువలన కలుగు కష్టమును ఎఱిగినవారు కలరు. వారితో కలిసి పనిచేయవచ్చును. అయితే లేఖ వ్రాయునపుడు ఎదిరివాని పక్షమును ముందుగ అతడు మెచ్చునట్లు చెప్పగలుగవలెను. ఔట్‌ఫిట్టరు గుఱ్ఱములకు చలికాలమంతయు గడ్డి పెట్టవలెననియు, అతని రాబడి కొలదివారముల వేటఋతువునకే పరిమితమనియు గుర్తించినవాని వాదమునే శాసనసభ్యుడు చెవినిడి వినును. తాను నియమమును పాటించుచునే దానిని మార్పగోరువాని మాటకుండు బరువు, దానిని అతిక్రమించి పట్టువడినవాని మాటకెన్నడును ఉండదు.

అభ్యాసము

ఈ విచారణక్రమము విజనారణ్యములకే పరిమితము గాదు. ఇల్లు అద్దెకిచ్చువాని షరతునందును, కార్యాలయపు ఉత్తరువునందును, సంఘపు కట్టుబాటునందును ఇవే నాలుగు కీళ్లుండును. మీ జీవితమున ప్రస్తుతము మిమ్ములను మిక్కిలి బాధించుచున్న నిషేధము నొకదానిని ఎన్నుకొని, దాని మూలవాక్యమును సంపాదించి, ఒక కాగితముపై మూడు ప్రశ్నలకు జవాబులు వ్రాయుడు. ఒకటి: ఇది ఏ వ్యక్తికి, ఏ పనికి, ఏ స్థలమున, ఏ స్థితిలో వర్తించుచున్నది? రెండు: ఈ నాలుగింటిలో నేను న్యాయముగ మార్చుకొనగలిగినది ఏది? మూడు: ఈ నియమమువలన మేలుపొందుచున్నవాడెవడు, అతని కష్టము ఏమి? మొదటి రెండు జవాబులు మీకు దారి చూపును. ఆ దారిలో ఎదురగు మనుష్యులతో ఎట్లు నడచుకొనవలెనో నేర్పునది మూడవది. కావున దానిని వ్రాయకుండ తరువాతి అధ్యాయమునకు పోవలదు.